ఆసుల జత, అన్యుల దోషము

పోకర్ ఆడువారి నడుమ ఒక రాత్రి కూర్చున్నవాని చెవిని ఈ విలాపము పడక మానదు. మొదట పంచిన రెండు ముక్కలలోనే ఆసుల జతయో, రాజుల జతయో, లేక ఆసును రాజును కూడియో చేతికి వచ్చినవాడు, ఆ రెండింటిని నమ్మి ముందున్న చిప్పులన్నియు ఒడ్డి, పోగొట్టుకొని, ఎదుటివాడు తెరచిన ముక్కలను చూచిన మరుక్షణముననే, తాను ఓడినది తన ఆటవలన కాదనియు, ఎదుటివాని మూఢత్వమువలన ననియు, బుద్ధి గలవాడెవడును అట్టి ముక్కలతో అంత పందెమునకు నిలువడనియు గొంతెత్తి చెప్పును. చుట్టునున్నవారు సానుభూతితో తలలూపుదురు. ఈ తలయూపులే కాలక్రమమున ఆ విలాపమునకు సిద్ధాంతగౌరవమును కట్టబెట్టినవి. మంచి ముక్కలు వచ్చినవాడు గెలువవలసినవాడే, గెలువనిచో అపరాధము ఇతరులదే అనునది నేడు లాస్ వెగాస్ కాసినోలలోను, స్నేహితులు కూడి యాడు వారాంతపు బల్లలవద్దను ఇంచుమించు ఎదురులేని అభిప్రాయమై కూర్చున్నది. ఆడలేక మద్దెల ఓడన్నవానిని తరతరములుగా తప్పుపట్టిన జాతి మనది. పేకబల్ల వద్ద మాత్రము ఆ మాటనే న్యాయముగా అంగీకరించుచున్నాము. ఈ అభిప్రాయము లెక్కకు నిలువదనియు, ఎదుటివానికి అన్యాయము చేయుచున్నదనియు, అంతకు మించి దానిని నమ్మినవానినే నిలువున ముంచుచున్నదనియు నా నిశ్చయము.

రమ్మీతో పెరిగిన మన పాఠకులకు ఈ ఆట స్వరూపమును కొంత చెప్పవలసియున్నది. నేడు పోకర్ అన్న పేరుతో ప్రపంచమంతట చెలామణి యగుచున్నది ముఖ్యముగా టెక్సాస్ హోల్డెమ్ అను రకము. ప్రతివానికి రెండేసి ముక్కలు మూసి పంచుదురు; పిదప బల్ల నడుమ అందరికి ఉమ్మడిగా మొదట మూడు ముక్కలను, తరువాత ఒకదానిని, తుదకు మరియొకదానిని తెరచి వేయుదురు. ఆ మూడింటిని ఫ్లాప్ అనియు, నాలవదానిని టర్న్ అనియు, అయిదవదానిని రివర్ అనియు వ్యవహరింతురు. తన రెండును ఉమ్మడి అయిదును కలిసిన ఏడింటిలో మేలైన అయిదు ముక్కలే ఆటగాని చేయి. ముక్కలు పంచగనే ఒకమారు, ఫ్లాప్, టర్న్, రివర్‌ల పిదప ఒక్కొక్కమారు, మొత్తము నాలుగు మారులు పందెము నడచును. రమ్మీ ఆడువానికి తన పదమూడు ముక్కలును మొదటినుండియు కన్నులయెదుటనే యుండును. ఇచట మొదటి పందెము కాయునప్పటికి ఏడింటిలో అయిదు ఇంకను బల్లమీదికి రానేలేదు. మన చర్చకంతకును మూలము ఇందే కలదు.

ఏబదిరెండు ముక్కల పేకనుండి రెండు ముక్కలు చేతికి వచ్చుటకు 1,326 విధములున్నవి. అందు ఆసుల జత వచ్చునవి 6 మాత్రమే, అనగా 221 మారులకు ఒకమారు. ఇంత అరుదుగా లభించునది కనుకనే దానిని చూచినవాని గుండె వేగముగా కొట్టుకొనును. మొదటి రెండు ముక్కలలో దానిని మించినది లేదన్నమాట సత్యము. ఏ ముక్కలో తెలియని ఒక్క ప్రత్యర్థితో తుదివరకు తలపడినచో అది నూటికి 85 మారులు గెలుచును. కాని అట్టి ప్రత్యర్థులు నలుగురైనచో ఆ 85 కాస్త 56కు దిగును. అయిదుగురైనచో సగమునకు లోపడును. ఎనమండుగురు తుదివరకు నిలిచినచో 35కు చేరును. ఎదుటి ప్రతి ఒక్కనికంటెను ఆసులే మేలు. ఎదుటివారందరిని కలిపి చూచినచో మాత్రము కావు. ఈ రెండు వాక్యములకు గల భేదమును గ్రహింపనివాడు ఎన్ని సంవత్సరములు ఆడినను ఆసులతో ఆడుట నేర్చినవాడు కాజాలడు.

ఒక ఆటను దగ్గరగా పరిశీలింతము. డాలస్ నగర శివారున ఒక తెలుగువారి ఇంట శనివారపు రాత్రి ఆట జరుగుచున్నదనుకొందము. ఆరుగురు కూర్చున్నారు, ఒక్కొక్కని ముందు 200 డాలర్లు, ముక్కలు పంచకముందే తప్పనిసరిగా కట్టవలసిన చిన్న బ్లైండ్ 1 డాలరు, పెద్ద బ్లైండ్ 2 డాలర్లు. మొదటి ఇద్దరును రెండేసి డాలర్లు పెట్టి లోనికి వచ్చిరి. మూడవవాడు తన ముక్కల అంచులను బొటనవ్రేలితో కొంచెము ఎత్తి చూచెను: ఇస్పేటు ఆసు, డైమన్ ఆసు. ఎక్కువ పెంచినచో అందరును పోవుదురన్న భయముచేత 6 డాలర్లకే పెంచెను. డీలరు స్థానముననున్నవాడు అంతే సొమ్ము పెట్టి కాల్ చేసెను. చిన్న బ్లైండ్‌వాడు ముక్కలు పడవేసెను. పెద్ద బ్లైండ్‌వాడు మరి 4 డాలర్లు కలిపెను. ముందు వచ్చిన ఇద్దరును అట్లే చేసిరి. అయిదుగురు నిలిచిరి, పందెపు కుప్పయగు పాట్‌లో 31 డాలర్లు చేరెను. ఫ్లాప్ మీద కళావరు తొమ్మిది, ఆఠీన్ ఎనిమిది, ఆఠీన్ మూడు పడినవి. ముందున్న మువ్వురును పందెము కాయక చెక్ చేసిరి. మనవాడు 20 డాలర్లు కాసెను. డీలరు పోయెను. పెద్ద బ్లైండ్‌వాడు ఒక్క నిమిషము చిప్పులను వ్రేళ్లతో దొర్లించి 60 డాలర్లకు పెంచెను. తక్కిన ఇద్దరును తప్పుకొనిరి. మనవాడు మారు తలంపు లేక ఆలిన్ అని, మిగిలినదంతయు ముందుకు త్రోసెను. ఎదుటివాడు కాల్ చేసి ఇస్పేటు తొమ్మిదిని, ఇస్పేటు ఎనిమిదిని తెరచెను. టర్న్ మీద నాలుగు, రివర్ మీద రాజు. రెండును ఆసులకు అక్కరకు రాలేదు. అపుడు వినబడినది: "ఏరా, తొమ్మిది ఎనిమిది పట్టుకుని రైజ్‌కి కాల్ చేస్తావా? అదేం ఆటరా? ఇలాంటి వాళ్లతో ఆడితే ఇంతే!"

ఈ ఆక్రోశమును పక్కన పెట్టి, ఏ డాలరు ఎప్పుడు పోయినదో చూతము. ఎదుటివాడు చేసిన తప్పుగా చెప్పబడుచున్నది తొమ్మిది, ఎనిమిదితో ఫ్లాప్‌కు ముందు కాల్ చేయుట. ఆ తప్పు జరిగిన సమయమున మనవాని పక్షమున న్యాయమున్నది, బలమున్నది. అయితే అపుడతడు పెట్టినది 6 డాలర్లు మాత్రమే. మిగిలిన 194 డాలర్లును ఫ్లాప్ పడిన పిదప, ఎదుటివానికి రెండు జతలు కుదిరిన పిదప, తన ఆసులు గెలుచుటకు సుమారు నాలుగింట ఒక వంతు మాత్రమే అవకాశము మిగిలిన పిదప పోసినవి. తాను ముందున్నపుడు 6, వెనుకబడినపుడు 194! ఈ లెక్కను కాగితముమీద వ్రాసికొని చూచినవా డెవడును ఆ నష్టమును తొమ్మిది-ఎనిమిది ఖాతాలో వేయలేడు.

పోనిండు, ఆ నాలుగు డాలర్ల కాల్ నిజముగా తప్పేనా? అతనివంతు వచ్చునప్పటికి పాట్‌లో 19 డాలర్లున్నవి, చెల్లింపవలసినది 4. ఆరింట ఒక పాలు కంటె కొంచెము మించిన అవకాశమున్నను ఆ వెల గిట్టుబాటగును. ఒకే రంగు తొమ్మిది-ఎనిమిది ఆసుల జతతో ఒంటరిగా తలపడినపుడు కూడ నూటికి 22 మారులు గెలుచును. ఇతరులును బల్లమీద నున్నందున ఆ పాలు కొంత తగ్గునన్నమాట నిజమే. కాని అంతకంటె గొప్ప ఆకర్షణ మరియొకటి యున్నది. ఎదుటనున్నవాడు తన ఆసులను ఎట్టి ఫ్లాప్ మీదను విడువజాలడనియు, తనకు రెండు జతలు కుదిరినచో మిగిలిన 194 డాలర్లును తనవే యగుననియు అతడెరుగును. నాలుగు డాలర్లు చెల్లించి అట్టి అవకాశమును కొనుట మూఢత్వమా? ఆ బేరమును అతని ముందు పెట్టినవా డెవడు? మనవాడు మొదటనే 14 డాలర్లకు పెంచియుండినచో, డీలరు తప్పుకొన్న పక్షమున, 21 డాలర్ల పాట్ కొరకు పెద్ద బ్లైండ్‌వాడు 12 డాలర్లు చెల్లింపవలసివచ్చెడిది. మూడింట ఒక వంతునకు మించిన అవకాశము లేనిదే ఆ వెల చెల్లదు. తొమ్మిది-ఎనిమిది చల్లగా జారుకొనెడివి. ఇద్దరు ముందే లోనికి వచ్చియున్నపుడు అట్లు పెంచుట ఆట తెలిసినవారి వాడుక. అందరును ఉండవలెనని కోరి చౌకగా పిలిచినవాడే, వచ్చినవానిని పట్టుకొని నీవేల వచ్చితివని నిలదీయుట ఏ న్యాయము?

ఇక ఫ్లాప్ మాట. నలుగురు చూచుచుండగా కాసిన పందెముమీద ఒకడు 60 డాలర్లకు పెంచెను. అది ఒక సమాచారము. దానిని చదువుట ఆటలో ప్రధానభాగము. తొమ్మిదుల జతయో, ఎనిమిదుల జతయో, మూడుల జతయో చేతనుండి మూడేసి ముక్కలు కలిసినవాడు, లేక తొమ్మిది-ఎనిమిది చేతనున్నవాడు అట్లు పెంచును; ఈ నాలుగును కలిపి 18 విధములుగా రాగలవు, అన్నియు ఆసులను ఓడించి నిలిచినవే. అయిదు ఆఠీన్ ముక్కల ఫ్లష్ కొరకు చూచువాడును, జాకీ-పదితో వరుసయగు అయిదు ముక్కల స్ట్రెయిట్‌కు చూచువాడును అట్లు చేయవచ్చును. వారికి కూడ రాబోవు రెండు ముక్కలలో మూడింట ఒక పాలు అవకాశమున్నది. ఆసులకు సులభముగా లొంగునట్టి చేతితో, నలుగురి నడుమ అంత ధైర్యముగా పెంచువారు అరుదు. అట్టి తరుణమున ఆగి, ఏమి పెట్టినచో ఏ చేతులు నిలుచును, ఏవి తొలగును అని యోచింపవలసినది. ఆలిన్ అన్నతోడనే ఆసులకు లోబడు చేతులు చాలవరకు తప్పుకొనును, ఆసులను మించినవి నిలుచును. ఆ నిమిషమున మనవాడు చూచినది బల్లను కాదు, తన చేతిలోని రెండు ముక్కలను.

"ఆసులను పడవేయుట మానవమాత్రునికి సాధ్యమా?" అని ఇట్లు వాపోవువారు ప్రశ్నింతురు. ఈ ప్రశ్నలోనే వారి వాదపు బలహీనత బయటపడుచున్నది. ఆసులు అన్న పేరును తీసివేసి చూడుడు. ఫ్లాప్ మీద వారికున్నది ఒక జత. హోల్డెమ్‌లో చేతుల తరతమభేదమున అన్నింటికంటె అడుగున నున్నది ఏ జతయు లేని చేయి; దానిపైది ఒక జత; దానికి పైన రెండు జతలు, ఒకే విలువగల మూడు ముక్కలు, స్ట్రెయిట్, ఫ్లష్, ఫుల్ హౌస్, ఇంకను పైవి. అడుగునుండి రెండవ మెట్టున నున్న చేతికొరకు సర్వస్వమును ఒడ్డుటకు దాని పూర్వవైభవము కారణము కారాదు. మంచి విత్తు వేసితినని మురిసిన రైతు పైరునకు తెగులు పట్టినపుడు చేనిని చూడక విత్తుల సంచినే తడుముచుండినచో అతని సంవత్సరము గడచునా? ఆసులతో గెలిచిన చిన్న పాట్‌లు గెలుతుము, ఓడిన పెద్దవి ఓడుదుము అన్నమాట పోకర్ ఆటగాండ్రలో నానుడియై యున్నది. అది విధి వ్రాసిన వ్రాత అని వారు తలంతురు. నిజమునకు అది ఆసులమీది మమకారమును చంపుకొనలేనివారు తమకు తామే వ్రాసికొన్న వ్రాత; ఎదుటివారు ముక్కలు పడవేసినపుడు చిన్నది వచ్చును, ఎదుటివారికి మించిన చేయి కుదిరినను తాము పడవేయనపుడు పెద్దది పోవును.

ఇంతకంటె విచిత్రమైన వాదము వేరొకటి: "తెలిసినవారితో ఆడి గెలువవచ్చును గాని, తెలియనివారితో ఆడి గెలువలేము" అనునది. డేవిడ్ స్క్లాన్స్కీ తన 'ది థియరీ ఆఫ్ పోకర్' గ్రంథమున ఈ ఆటకు మూలసూత్రముగా ప్రతిపాదించిన విషయమిది: నీ ముక్కలు కనబడియుండినచో ఎదుటివా డెట్లు ఆడియుండునో, అందుకు భిన్నముగా అతడు ఆడినప్పుడెల్ల లాభము నీది, నీ వట్లు ఆడినప్పుడెల్ల లాభము అతనిది. దీనినిబట్టి చూచినచో ఎదుటివాని పొరపాటే ఆటగాని ఆదాయము. అది తప్ప అతనికి వేరొక రాబడి లేదు. అందరును ఆరితేరినవారై, పై ఆటలో ఆసులవాడు పెంచగనే ముక్కలు పడవేసిరనుకొందము; అతనికి దక్కునది రెండు బ్లైండ్‌లును, ముందు వచ్చిన ఇద్దరి నాలుగు డాలర్లును, వెరసి 7 డాలర్లు. రెండువందల ఇరువదియొక్క మారులకు ఒకమారు వచ్చు ఐశ్వర్యమునకు ఇదియా ఫలము? పొరపాటు చేయువాడు లేని బల్లను కోరుట బేరము లేని సంతను కోరుటయే.

చరిత్రకూడ ఇదే చెప్పుచున్నది. 2003లో టెనెసీకి చెందిన క్రిస్ మనీమేకర్ అను అకౌంటెంటు, ఇంటర్నెట్‌లో స్వల్పరుసుముతో జరిగిన అర్హతపోటీ ద్వారా వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధానపోటీలో ప్రవేశించి, 839 మందిలో ప్రథముడై 25 లక్షల డాలర్లు గెలుచుకొనెను. వృత్తి ఆటగాండ్రలో అనేకులు దానిని గుడ్డి అదృష్టమని తీసివేసిరి. మరుసటి సంవత్సరము అదే పోటీకి 2,576 మంది వచ్చిరి; 2006 నాటికి 8,773 మంది; ఆ సంవత్సరపు ప్రథమ బహుమానము 1 కోటి 20 లక్షల డాలర్లు. ఈ ధనము ఎచటనుండి వచ్చినది? అకౌంటెంటు గెలువగలిగినచో మేమేల గెలువలేమని వచ్చిన వేలకొలది సామాన్యుల ప్రవేశరుసుములనుండి వచ్చినది. వారి రాకతో జీవనము పండించుకొని, వారినే బల్లవద్ద మందలించి, అవమానించి పంపుట కృతఘ్నత అని చెప్పుటకు నేను సందేహింపను.

ఆసులవాడు ఏ పొరపాటును చేయక ఓడిపోవు సందర్భములు లేవా యని అడుగవచ్చును. తప్పక కలవు. ఫ్లాప్‌కు ముందే ఇరువురును సర్వమును ఒడ్డి, ఒకరు ఆసులను, ఒకరు రాజులను తెరచినపుడు ఆసులు నూటికి 80కి కొంచెము మించి గెలుచును. రివర్ మీద రాజు పడినచో ఆసులవాడు నిరపరాధి. కాని అపుడైనను ఎదుటివాని అపరాధ మేమున్నది? అయిదింట ఒకసారి జరుగవలసినది జరిగినది. నూటికి 80 పాళ్ల అనుకూలతతో నాలుగు మారులు సర్వమును ఒడ్డినచో, నాలుగింటను గెలుచు సంభావ్యత 41 పాళ్లే. అనగా ఒక్కమారైనను ఓడుటయే సామాన్యధర్మము, ఓడకుండుట విశేషము. ఆ ఓటమిని ఊహింపక తన శక్తికి మించిన ధనముతో బల్లవద్ద కూర్చున్నవాని తప్పు ముక్కలు పంచకముందే జరిగిపోయినది. ఆసు-రాజుల విషయమున ఈ విలాపము మరియు అసంగతము. ఆ రెండును ఎంత గంభీరముగా కనబడినను అవి జత కావు. ఫ్లాప్ మీద వానికి జత కుదురుట మూడింట ఒకమారే. "రెండ్ల జతతో నా ఆసు-రాజుకు ఎదురు నిలిచాడు" అని వాపోవువాడు తెలిసికొనవలసినదేమనగా, ఫ్లాప్‌కు ముందే ఇరువురును సర్వమును ఒడ్డినచో ఆ రెండ్ల జతయే, వేరువేరు రంగుల ఆసు-రాజులకంటె స్వల్పముగా ముందున్నది. చేతకానివాడని నిందింపబడినవాడు లెక్కప్రకారము మొగ్గున్నవాడు.

ఈ సందర్భమున నలోపాఖ్యానము తలపునకు రాక మానదు. పుష్కరునితో జూదమాడి రాజ్యమును పోగొట్టుకొన్న నలుడు బాహుకుడై ఋతుపర్ణుని కొలువున చేరెను. ఆ రాజు దారిలో ఒక తాండ్రచెట్టు ఆకులను, కాయలను చూచినంతనే వాని సంఖ్య చెప్పగా, నలుడు నమ్మక రథమాపి తానే లెక్కించి చూచి, అది సత్యమని తేలిన పిమ్మట అశ్వహృదయమునకు బదులుగా అక్షహృదయమును అతనివలన గ్రహించెను. అపుడే నలుని పట్టియున్న కలి అతనిని విడిచిపోయెను. ఓటమికిని పునర్విజయమునకును నడుమ భారతకారుడు నిలిపినది ప్రతీకారము కాదు, శాపము కాదు, సంఖ్యాజ్ఞానము. పుష్కరుని తిరిగి జయించిన పిమ్మట నలుడు అతనిని క్షమించి, పూర్వము జరిగినది నీవు చేసినది కాదు, పరుడు చేసిన దోషమును నీపై మోపను అన్న భావముతో పలికి పంపెను. అన్యాయముగా ఓడినానని చెప్పుకొనుటకు సమస్తాధికారమును గలవాడే ఎదుటివానిపై దోషము మోపలేదు. ఆరు డాలర్లకు పిలిచి నూట తొంబదినాలుగు డాలర్లు చేజార్చుకొన్నవానికి ఆ అధికార మెచటిది?

మన దేశమున ఈ విలాపమునకు మరియొక చేటు కలదు. సికింద్రాబాదు క్లబ్బొకదాని విషయమై 1967లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, రమ్మీ కేవలము అదృష్టముమీద ఆధారపడినది కాదనియు, పడిన ముక్కలను గుర్తుంచుకొనుటయు, ఏది ఉంచుకొని ఏది వదలవలెనో నిర్ణయించుటయు నైపుణ్యమనియు భావించి, మూడు ముక్కలాటనుండి దానిని వేరు చేసెను. నాటినుండియు పేకాటను సమర్థించువారు, పోకర్ పక్షపాతులతో సహా, నైపుణ్యమన్న ఆ ఒక్క మాటనే ఆధారముగా పట్టుకొనిరి. తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను పణముతో ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించినపుడును, 2025లో పార్లమెంటు దేశమంతటికి అట్టి చట్టమునే చేసినపుడును వారి వాదమిదియే. న్యాయస్థానమున నైపుణ్యమని, బల్లవద్ద దురదృష్టమని, ఎదుటివాని మౌఢ్యమని ఒకే నోటితో పలుకరాదు. గెలుపులో నా నైపుణ్యమున్నచో ఓటమిలోను నా నైపుణ్యలోపమునకు పాలుండవలెను. ఈ పాలును కాదన్నవాడు మరల కూర్చుండును. నేడు మూర్ఖుడెదురు పడినాడు గాని రేపు పడడని అప్పు చేసి కూర్చుండును. అప్పులపాలై కూలిన కుటుంబములు మన ఊళ్లలో లేకపోలేదు. ఓటమి నాది కాదన్న ఒక్క నమ్మకము ఎంత దూరము తీసికొనిపోవునో ఆ ఇండ్లలోనివారి నడుగవలెను. ఇది నేను ఆవేశముతో వ్రాయుచున్నానని ఎవరైన ననినచో కాదనను.

ఇంటర్నెట్ ఆటలలో ముక్కలే మోసపు ముక్కలని కొందరందురు. మోసము జరిగినమాట నిజమే. 2007లో అబ్సల్యూట్ పోకర్ అను ఆటస్థలమున లోపలివారు ఇతరుల మూసిన ముక్కలను చూచుచు ఆడినట్లు బయటపడినది. ఆ దొంగలు దొంగిలించినది ఎదుటివాని చేతిలోని సమాచారమును. రివర్ మీద పడు ముక్కను కాదు. కేవలము తమ ఆసులు పోయినవన్న ఆధారముతో ప్రతి బల్లయు దొంగబల్ల యనుట విచారణకు నిలువని మాట.

"ఫిల్ హెల్మ్యూత్ వంటి మహాఆటగాడే బల్లవద్ద ఎదుటివారిని తిట్టును గదా" యని తుదివాదము. 1989లో ఇరువది నాలుగేండ్ల ప్రాయమున వరల్డ్ సిరీస్ ప్రధానపోటీ గెలిచి, ఆ పోటీల చరిత్రలో అందరికంటె ఎక్కువ విజయచిహ్నపు బ్రేస్‌లెట్‌లు పొందిన ఆయనకు పోకర్ బ్రాట్ అన్న పేరు వచ్చినదియు వాస్తవమే. కాని కోపము ప్రదర్శించుట వేరు, ఆ కోపమునే ఆటయొక్క లెక్కగా స్వీకరించుట వేరు. ఆయన విజయములు ఓపికతో ముక్కలు పడవేసిన వేలకొలది సందర్భములనుండి వచ్చినవి. టెలివిజన్‌లో కనబడునది మాత్రము ఆయన లేచి నిలిచి గద్దించిన కొన్ని నిమిషములు. మనవారు నేర్చుకొన్నది ఆ నిమిషములనే. కష్టమైన విద్యను విడిచి సులభమైన అవలక్షణమును గ్రహించి, దానికే ఆయనను సాక్ష్యముగా పిలుచుట ఆయనకు కూడ అన్యాయమే.

స్నేహితుల నడుమ కొంచెము వాపోయినచో నష్టమేమి యందురా? బల్ల చివర మౌనముగా కూర్చుండి, ఆట ఇంకను నేర్చుకొనుచున్న కుర్రవానిని చూడుడు. అందరును తలలూపుట చూచి, ఆసులతో ఎంత పోగొట్టుకొన్నను తప్పు కాదనియు, తొమ్మిది-ఎనిమిదితో నాలుగు డాలర్లు పెట్టుట తప్పనియు అతడు గ్రహించును. గ్రహించినదానినే వచ్చువారము ఆచరించును. తలయూపుటకు బదులు స్నేహితులు అడుగవలసిన ప్రశ్నలున్నవి. ఇద్దరు లోనికి వచ్చియుండగా ఆరు డాలర్లకే ఏల పెంచితివి? అయిదుగురు నిలిచినపుడు నీ ఆసుల పాలెంత? అరువది డాలర్లు నీ ముందునకు వచ్చినపుడు ఎదుటనున్నవి ఏ ముక్కలని తలచితివి? ఆ ముక్కలలో వేనిని నీ వోడింతువు? వీనికి సమాధానము చెప్పిన పిదప, ఎదుటివాని తొమ్మిది-ఎనిమిదిని గూర్చి అతడేమి చెప్పదలచినను విందము.